వియ్యపురాలి గళ్ళ అట్టు

పాలకొల్లులో కుక్కుటేశ్వరరావు గారి కిరాణా కొట్టు ఎక్కడని అడిగితే నలుగురూ నాలుగు దారులు చెబుతారు గాని, ఆయన భార్య జగదాంబ చేసే దిబ్బరొట్టె ఎలా ఉంటుందని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా, ముక్క తుంపితే ఆవిరి పైకి లేస్తూ ఉంటుంది. పక్కన గిన్నెడు చెరుకు పానకం. కొట్టుకి సరుకు దింపే లారీ డ్రైవర్లు కూడా ఆదివారం పొద్దుటికే పాలకొల్లు చేరేలా చూసుకునేవారంటే అందులో వింతేమీ లేదు.

ఆ రొట్టే లేకపోతే ఆవిడకి ఆ ఇంట్లో పీట ఉండేది కాదు. మొగల్తూరు నుంచి కోడలుగా వచ్చినప్పుడు జగదాంబకి గంజి వార్చడం కూడా సరిగ్గా రాదు. అత్తగారు నోరు తెరిచి మెచ్చుకునే మనిషి కాదు, తిట్టడానికి మాత్రం మొహమాటపడేది కాదు. మినప్పప్పు ఎంత నానాలో, నూక ఎంత కలపాలో, మూకుడు మీద మూత ఎప్పుడు తియ్యాలో తిట్లు తింటూనే నేర్చుకుంది. ఒక ఆదివారం అత్తగారు రొట్టె తిని, మారు మాట్లాడకుండా ఇంకో ముక్క కోసం పళ్ళెం ముందుకి జరిపింది. ఆ రోజే తను ఆ ఇంటి మనిషినయ్యానని జగదాంబ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇంత పేరు సంపాదించిన మనిషికి ఒక జబ్బు ఉంది. తనకి లేనిది ఇంకొకరికి ఉందంటే ముద్ద దిగదు. చిన్నప్పుడు పక్కింటి పిల్ల జడ పొడుగు చూసి ఏడ్చింది. పెళ్ళయ్యాక ఆడపడుచు కాసులపేరు చూసి మూతి ముడుచుకుంది. ఎదురింటి వాళ్ళ జాజితీగ తమ తీగ కంటే ముందు పూసిందని, దానికి వాళ్ళు ఏం ఎరువు వేస్తున్నారో పనిమనిషి చేత ఆరా తీయించింది. అయితే పైకి మాత్రం ఒక్కనాడూ తేలలేదు. గోదావరి నీళ్ళు తాగిన మనిషి కదా, కడుపులో ఎంత మండితే నోట్లోంచి అన్ని ‘అండీ’లు వస్తాయి.

ఆవిడ కొడుకు ఉదయ్‌భాస్కర్ కాకినాడలో ఎరువుల కంపెనీలో లెక్కలు చూస్తాడు. కోడలు లక్ష్మీప్రసన్నదీ ఉద్యోగమే. వాళ్ళకి ఒక్కతే పిల్ల, ఏడేళ్ళ వాసవి. కోడలి పుట్టిల్లు కూడా కాకినాడే, అదీ పక్క వీధే. బడి వదిలాక వాసవి తిన్నగా అమ్మమ్మ సూర్యకుమారి ఇంటికి వెళుతుంది. అక్కడే పాలు, అక్కడే టిఫిను, అక్కడే హోంవర్కు. పాలకొల్లు మామ్మకి మిగిలేవి సెలవలు. ఆ సెలవలైనా తన వాటాకి ఉన్నాయి కదా అనుకుంటూ జగదాంబ రోజులు వెళ్ళదీస్తోంది.

కిందటి దసరా సెలవల్లో ఆ వాటాకి కూడా గండి పడింది. వాసవి వచ్చిందని తెల్లవారుతూనే లేచి, స్వయంగా పప్పు రుబ్బి దిబ్బరొట్టె వేసింది జగదాంబ. పిల్ల దాన్ని వేలితో పొడిచి చూసింది.

“మామ్మా, ఇది చాలా గట్టిగా ఉంది. పాన్‌కేక్ చెయ్యవా?”

“అదేంటమ్మా?”

“మెత్తగా ఉంటుంది. పైన వెన్న పెట్టి, తేనె పోస్తుంది అమ్మమ్మ. వాఫిల్ కూడా చేస్తుంది తెలుసా? దానికి గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిలో తేనె ఆగుతుంది. నేను ఒక్కో గడీ ఒక్కోసారి తింటాను.”

“ఓహో, గళ్ళ అట్టన్నమాట,” అన్నారు కుక్కుటేశ్వరరావు గారు, రొట్టె ముక్క పానకంలో ముంచుతూ. ఆయనకి అంతకంటే ఏమీ పట్టలేదు. జగదాంబకి మాత్రం గుండెలో ముల్లు దిగింది. లారీ డ్రైవర్లు మెచ్చిన రొట్టె, అత్తగారి చేత పళ్ళెం జరిపించిన రొట్టె, ఈ పిల్ల ముందు గట్టి రొట్టె అయిపోయింది.

ఆ సాయంత్రం వాసవి అమ్మమ్మకి వీడియో కాల్ చేసింది. తెర మీద సూర్యకుమారి వెలిగిపోతోంది. సన్నగా, చలాకీగా ఉంటుంది ఆవిడ. జగదాంబ కంటే మహా అయితే రెండేళ్ళు చిన్న, కాని పదేళ్ళు చిన్నదానిలా కనిపిస్తుంది. అది ఇంకో మంట. “వదినగారూ, బావున్నారా అండీ? మా అల్లరిపిల్ల మిమ్మల్ని విసిగించట్లేదు కదా?” అంది. ‘మా’ అల్లరిపిల్లట! ఆ ‘మా’ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

“అబ్బే, విసుగేంటండీ వదినగారూ, ఇంటికి వెలుగండీ,” అని జగదాంబ నవ్వింది. ఫోను పెట్టెయ్యగానే ఆ నవ్వు మాయమైంది.

కార్తీకమాసంలో కాకినాడలో కొడుకు ఇంట సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. మర్నాడు పొద్దున్న టిఫినుకి వియ్యాలవారు పిలిచారు. పిలిస్తే వెళ్ళకపోవడం మర్యాద కాదు, వెళ్ళి తినకపోవడం అంతకంటే కాదు. సూర్యకుమారి వంటింటి గట్టు మీద గళ్ళ అట్లు వేసే యంత్రం ఉంది. నల్లగా, పుస్తకంలా తెరుచుకుంటుంది. పిండి పోసి మూస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, అయిపోతే పచ్చ దీపం. మూత తీసేసరికి ఇల్లంతా వెన్న వాసన కమ్మేసింది. ఆ వాసనకి తన నోట్లో నీళ్ళూరాయని జగదాంబ తన మీద తనే కోపం తెచ్చుకుంది.

“వేసుకోండి వదినగారూ, మీకు నచ్చుతాయో లేదో.”

“మీ చేతిది నచ్చకపోవడమేంటండీ!” అని ఒకటి తింది. బాగుంది. ఎక్కడైనా పిండి పచ్చిగా ఉంటుందేమోనని వెతుక్కుంటూ తింది. దొరకలేదు. పక్కన వాసవి ఒక్కో గడిలో తేనె పోసుకుంటూ, వేళ్ళు నాకుతూ, అమ్మమ్మ ఒడిలోకి ఒరిగి కూర్చుని ఉంది. పాలకొల్లులో ఆ పిల్ల ఏనాడూ తన ఒడిలో కూర్చుని తినలేదు. అది చూశాక రెండోదాన్ని ముక్కలు ముక్కలుగా తుంపుతూ తింది. వేరే దారి లేక, తెలిసి తెలిసి ఒక బాణం వేసింది.

“అడిగానని ఏమీ అనుకోకండి వదినగారూ, ఇందులో గుడ్డు లాంటిదేమీ పడదు కదా అండీ? ఇలాంటివి అన్నీ గుడ్లతోనే చేస్తారని విన్నాను. వ్రతం చేసుకున్న మర్నాడు కదా అని.”

కోమట్ల ఇంట్లో అడగకూడని మాట అది. లక్ష్మీప్రసన్న అత్తగారి వంక చురుగ్గా చూసింది. సూర్యకుమారి మాత్రం చెక్కు చెదరలేదు. “అయ్యో, మన ఇళ్ళల్లో గుడ్డేంటండీ! మైదా, పాలు, కాస్త పంచదార, బేకింగ్ పౌడరు, అంతేనండి. చాలా తేలిక. మీకు కావాలంటే నేర్పిస్తాను,” అంది, ఎంతో ప్రేమగా.

నేర్పిస్తుందట. పాలకొల్లులో సగం మంది కోడళ్ళకి పిండి కలపడం నేర్పిన మనిషికి. “ఎందుకండీ, మేం పల్లెటూరి వాళ్ళం, మాకు ఇవన్నీ ఏం అచ్చొస్తాయి,” అని మూడోది కూడా తిని, చెయ్యి కడుక్కుని, బస్సెక్కి, దారి పొడుగునా కిటికీ లోంచే చూస్తూ కూర్చుంది జగదాంబ. రావులపాలెం దాటాక కుక్కుటేశ్వరరావు గారు, “బావున్నాయే ఆ గళ్ళ అట్లు,” అన్నారు. ఆ పూట ఆయనకి ఇంట్లో చారు తప్ప ఏమీ దొరకలేదు.

అసలు దెబ్బ వేసవి ముందు తగిలింది. పరీక్షలు అవుతున్నాయి కదా, సెలవలకి ఎప్పుడు వస్తావని వాసవిని ఫోన్‌లో అడిగింది జగదాంబ. పిల్ల ఏ కల్లాకపటం లేకుండా చెప్పేసింది.

“ఈసారి రాను మామ్మా. మీ ఇంట్లో వాఫిల్స్ ఉండవు కదా. నేను అమ్మమ్మ దగ్గరే ఉంటాను.”

జగదాంబ నోట్లోంచి చటుక్కున అబద్ధం ఊడిపడింది. “ఉండకపోవడమేంటమ్మా? మన ఇంట్లోనూ మిషన్ ఉంది. నేను రోజూ చేస్తున్నాను. నువ్వు రా, చేసి పెడతాను.”

“నిజంగా?” అని పిల్ల అరిచింది. “అయితే వస్తాను!”

ఫోను పెట్టాక జగదాంబకి చెమటలు పట్టాయి. ఇంట్లో మిషన్ లేదు, చెయ్యడం రాదు. ఆ పిల్ల వచ్చి, చూసి, ఉత్తదే అని వెళ్ళిపోతే ఇంక ఏ సెలవలకీ పాలకొల్లు గుమ్మం తొక్కదు. మొగుడు కొట్టు నుంచి వచ్చేలోపే మాటలు సిద్ధం చేసుకుంది.

“ఏవండీ, రేపు రాజమండ్రి వెళుతున్నారు కదా. గళ్ళ అట్ల మిషన్ ఒకటి తీసుకురండి.”

“అట్ల పెనం ఉంది కదే ఇంట్లో!”

“ఆ పెనం మీద వేస్తే మీ మనవరాలు కాకినాడలోనే ఉండిపోతుంది. ఉండనిస్తారా?”

మిషన్ వచ్చింది. ఎలా చెయ్యాలో ఎవరిని అడగాలి? కోడలిని అడిగితే ఆ సంగతి తల్లి చెవిన పడుతుంది. వియ్యపురాలిని అడగడం కంటే మిషన్ కాలవలో పడెయ్యడం నయం. ఏముంది, మైదా, పాలు, పంచదార, పౌడరు అని ఆవిడే చెప్పింది కదా అనుకుంది. పాలకి బదులు కాస్త పెరుగు పోస్తే మరీ మంచిదనీ అనుకుంది. ఇంక మిగిలిన తెలివి తనకి పుట్టుకతో ఉంది. పిండి అన్నాక రాత్రే కలిపి ఉంచాలి. పులవని పిండి పిండే కాదని అత్తగారు వెయ్యిసార్లు చెప్పింది. గిన్నెలో అన్నీ వేసి, చేతికి తగిలిన ప్రతి ఉండనీ నలిపి, వెన్నలా అయ్యేదాకా కవ్వంతో గిలకొట్టి, మూత పెట్టి పడుకుంది.

అది వేసవి. పొద్దున్న లేచి చూసేసరికి మూత గట్టు మీద పడి ఉంది, పిండి గిన్నె అంచులు దాటి కిందకి కారింది. వాసన వీధి దాకా వెళ్ళింది. కుక్కుటేశ్వరరావు గారు వంటింట్లోకి తొంగి చూసి, “ఏమే, మనం కల్లు వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టాం?” అన్నారు. జగదాంబ ఒప్పుకోలేదు. పులిసిన పిండే కదా, పైగా ఇంత బాగా పొంగింది కదా అని మిషన్ నిండా పోసి మూత నొక్కింది. పిండి నాలుగు పక్కల నుంచీ బయటికొచ్చి, రేకుల మీద అంటుకుని, మాడి, పచ్చ దీపం వెలిగాక మూత తెరిస్తే రెండు ముక్కలుగా చీలి, సగం పైనా సగం కిందా ఉండిపోయింది. నోట్లో పెట్టుకుంటే నాలుక గుంజేసింది. అత్తగారు పళ్ళెం జరిపిన నాటి నుంచి పిండి కలపడంలో ఆవిడ చెయ్యి తప్పడం అదే మొదటిసారి. వంటింట్లో పీట వేసుకు కూర్చుని, సూర్యకుమారిని నోటికొచ్చినట్టు తిట్టి, ఏడ్చింది. “పిండి నానబెట్టొద్దని ఒక్క మాట చెప్పచ్చుగా ఆ మనిషి! కావాలనే దాచింది,” అని పళ్ళు నూరింది. తను అడగలేదన్న సంగతి ఆ కోపంలో గుర్తుకి రాలేదు.

ఆ తరవాత రోజూ అదే యుద్ధం. పొద్దున్న కలిపి పొద్దున్నే పొయ్యడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా గట్టిగా, చెప్పు అట్టలా వచ్చాయి. ఎంత మెత్తగా గిలకొడితే అంత మొండికేస్తున్నాయి. ఒకనాడు కొట్టు నుంచి ఎవరో పిలిస్తే సగం కలిపిన పిండి వదిలేసి వెళ్ళింది. తిరిగొచ్చి, విసుగెత్తి, ఉండలతోనే పోసేసింది. అది పువ్వులా విచ్చుకుంది. తన జీవితమంతా పిండిలో ఉండ అనేది కనపడితే సిగ్గుతో చచ్చిపోయిన మనిషికి, ఉండలు ఉంటేనే బాగుంటుందని తెలియడం ఎంత బాధో చెప్పలేం. పాన్‌కేక్ తేలిగ్గానే పట్టుబడింది. పైన బుడగలు లేచి పగిలేదాకా తిప్పకూడదని అట్లు వేసిన చేతికి ఎవరూ చెప్పక్కర్లేదు. చెడిపోయినవన్నీ కొట్లో గుమాస్తా బుల్లియ్య తిన్నాడు, బాగున్నవీ వాడే తిన్నాడు, రెంటికీ ఒకే రకంగా తలాడించాడు.

వేసవి సెలవలు ఇచ్చారు. ఉదయ్‌భాస్కర్ పిల్లని దింపి వెళ్ళాడు. మర్నాడు జగదాంబ తల స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ముందు పాన్‌కేక్‌లు వేసింది, తరవాత గళ్ళ అట్లు. ఒక్కటీ మాడలేదు, ఒక్కటీ విరగలేదు. పైన ఇంట్లో చిలికిన వెన్న పెట్టి, తేనె పోసింది. వాసవి గట్టు పక్కన పీట మీద కూర్చుని, మొదటి గడి తుంపి నోట్లో పెట్టుకుంది. జగదాంబ పిల్ల మొహంలోకే చూస్తోంది. అత్తగారి పళ్ళెం వంక కూడా అంత భయంగా చూసి ఉండదు.

పిల్ల కళ్ళు మూసుకుని నమిలింది. కళ్ళు తెరిచి, మొహమంతా నవ్వుతో చెప్పింది.

“మామ్మా! అచ్చం అమ్మమ్మ చేసినట్టే ఉంది!”

ఇన్నాళ్ళ కష్టానికి దక్కిన మెప్పు అది. అచ్చం అమ్మమ్మ చేసినట్టు. జగదాంబకి మొహం మీద చల్లనీళ్ళు కొట్టినట్టయింది. పిండి మార్చుకుంది, చెయ్యి మార్చుకుంది, అత్తగారు నేర్పిన మాట కూడా పక్కన పెట్టింది. అన్నీ చేసి చివరికి తను ఏమైంది? సూర్యకుమారి లేని చోట సూర్యకుమారి అయింది. పిల్ల తింటున్నది తన చేతి ముక్కే, తలుచుకుంటున్నది ఆవిడని. ఇంతకంటే ఆ పులిసిన అట్టే నయం, అది కనీసం తనది.

“అమ్మమ్మకి చెప్పాలి!” అంటూ వాసవి అప్పటికే ఫోన్ అందుకుంది. తెర మీద సూర్యకుమారి కనిపించింది. వెనక వంటింటి గట్టు శుభ్రంగా, ఖాళీగా ఉంది.

“అమ్మమ్మా, మామ్మకి కూడా వాఫిల్స్ వచ్చేశాయి! నీలాగే చేసింది! ఇంక నేను సెలవలన్నీ ఇక్కడే ఉంటాను!”

సూర్యకుమారి నవ్వింది. “అలాగా బంగారం? మంచిది మంచిది. మీ మామ్మగారికి రానిదేముంటుంది,” అంది. కాని జగదాంబ ఆ నవ్వు చూసింది. పెదాలు నవ్వుతున్నాయి గాని కళ్ళు ఎటో వెళ్ళిపోయాయి. మెడ దగ్గర గొలుసు అనవసరంగా సవరించుకుంటోంది. ఆ నవ్వు ఎలా తయారవుతుందో, ఎంతసేపు నిలుస్తుందో, అది నిలబెట్టడానికి దవడలు ఎంత నొప్పెడతాయో జగదాంబకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. “ఉంటానమ్మా, పొయ్యి మీద పాలు పెట్టాను,” అని ఫోను పెట్టేసింది. ఆ వెనక పొయ్యి మీద గిన్నే లేదు.

అప్పుడు జగదాంబకి ఆనందం పొంగుకొచ్చింది. దాపరికం లేదు, సిగ్గు లేదు, అచ్చమైన ఆనందం. ఇన్ని నెలలు తను మింగిన మంట ఇవాళ ఆవిడ మింగుతోంది. పిల్ల కోసం ఇంకోటి పోసి, మూత నొక్కి, ఆ ఆనందాన్ని తనివితీరా అనుభవిద్దామని నిలబడింది. అనుభవించబోతుంటే ఆ ఖాళీ గట్టే కళ్ళ ముందు కనపడింది. సెలవల్లో ఆ ఇంట్లో ఆ మిషన్ ఎవరి కోసం తెరుచుకుంటుంది? రోజూ సాయంత్రం గుమ్మం వైపు చూసే మనిషికి ఇవాళ్టి నుంచి చూడ్డానికేముంది? తను పాలకొల్లులో ఏడాది పొడుగునా చేసే పనే అది. ఆ బాధ తనకి తెలుసు. తెలిసి కూడా సంతోషపడదామంటే సంతోషం నిలవలేదు. దిక్కుమాలిన మనసు, దక్కినదాన్ని కూడా సుఖంగా తిననివ్వదని విసుక్కుంది.

తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసుకుని, తనే చేసింది.

“వదినగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాటండీ. పిల్ల ఏదో మాటవరసకి అంది గాని, నాకు మీలాగ ఎక్కడ వస్తాయండీ. రెండోది అడుగంటి మాడిపోయింది. కాస్త ఎలాగో చెబుతారా?”

“మాడలేదు మామ్మా!” అని వాసవి వెనక నుంచి అరిచింది. జగదాంబ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

సూర్యకుమారి గొంతులోకి ప్రాణం తిరిగొచ్చింది. “అయ్యో, దానికేం భాగ్యమండీ! ముందు మిషన్ బాగా వేడెక్కనివ్వాలండీ. పిండి ఎక్కువ గిలకొట్టకూడదు, ఉండలు ఉన్నా ఫరవాలేదు. కలిపిన వెంటనే పోసెయ్యాలి, పులవనివ్వకూడదు...”

“అలాగాండీ,” అంది జగదాంబ. “అవునాండీ. నాకు తెలియనే తెలియదండీ.” తను ఏడ్చి, తిట్టి, మాడ్చి నేర్చుకున్న ఒక్కొక్క సంగతినీ కొత్తగా వింటున్నట్టు ఊఁ కొడుతూ నిలబడింది. అంత మంచితనం తనలో ఉందని ఆవిడకే ఆశ్చర్యం వేసింది. కాస్త గర్వం కూడా కలిగింది.

“ఇంకోటండీ,” అంది సూర్యకుమారి ఉత్సాహంగా, “మీరు పెరుగు పోస్తున్నారేమో, అది వద్దండీ. పాలలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, కాసేపు పక్కన పెట్టి, ఆ పాలు పొయ్యండి. పెరుగు వేస్తే ఎంత చేసినా కొంచెం బరువుగానే ఉంటాయి. వాసవి పైకి చెప్పదు గాని, దానికి తేడా తెలుస్తుందండీ.”

జగదాంబ ఉలిక్కిపడింది. ఈ నిమ్మరసం సంగతి ఆవిడకి నిజంగా తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే, వాసవి పళ్ళెంలో సగం అట్టు అలాగే మిగిలి ఉంది.

“అలాగేనండి వదినగారూ,” అంది జగదాంబ. కడుపు భగ్గున మండిపోయింది.